నడుము పక్కన హఠాత్తుగా లేచే నొప్పి

ఏ దెబ్బా తగలకుండానే మూత్రపిండం చుట్టూ రక్తం కారి గూడుకట్టే స్థితి ఒకటి ఉన్నది. జర్మనీ వైద్యుడు కార్ల్ వుండర్లిష్ 1856లో దీనిని వర్ణించినందున వైద్యులు దీనిని వుండర్లిష్ సిండ్రోమ్ అని పిలుస్తారు. ఇది అరుదు, అయినా ప్రాణాంతకం.

ఎక్కువమందిలో మూత్రపిండంలోనే పుట్టిన గడ్డ దీనికి కారణమవుతుంది. రక్తనాళాల వాపు, రక్తాన్ని పలుచబరచే మందులు కూడా కారణం కావచ్చు. ఇంకా అరుదుగా, మరో అవయవంలో పుట్టిన క్యాన్సర్ ఇక్కడికి పాకి రక్తస్రావం కలిగిస్తుంది. గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు మూత్రపిండాలకే చేరుతుంది. ఆ ప్రవాహంతోపాటే క్యాన్సర్ కణాలూ వచ్చి చేరుతాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఇలా పాకేవాటిలో ముఖ్యమైనది. అక్కడ పెరిగే గడ్డ చాలాకాలం ఏ బాధా కలిగించకపోవచ్చు. దానిలోని బలహీనమైన నాళం చిట్లిన నాడే అది బయటపడవచ్చు.

దీనికి ప్రధాన లక్షణాలు మూడు: నడుము పక్కన తీవ్రమైన నొప్పి, అక్కడ చేతికి తగిలే వాపు, రక్తపోటు పడిపోవడం. మూడూ అందరిలో కనిపించవు. రక్తం మూత్రపిండం వెలుపల చేరుతుంది గనుక మూత్రం ఎర్రబడకపోవచ్చు. అందుచేత రాయి నొప్పి అనో, వాయువు అనో ఇంటివారు పొరబడతారు. ముఖం పాలిపోయి, చల్లని చెమట పట్టి, కళ్ళు తిరిగితే తెల్లవారేదాకా ఆగరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

ఆసుపత్రిలో సీటీ స్కాన్ ఈ రక్తస్రావాన్ని చూపుతుంది. రక్తం ఎక్కిస్తారు. అవసరమైతే సన్నని గొట్టాన్ని రక్తనాళం గుండా పంపి, కారుతున్న నాళాన్ని మూసివేస్తారు. అప్పటికీ ఆగకపోతే శస్త్రచికిత్స చేస్తారు. కొన్నిసార్లు మూత్రపిండాన్నే తొలగించవలసి వస్తుంది.

ఇక్కడ మేము కుటుంబ పెద్దలకు ఒక మాట మనవి చేయదలచాము. క్యాన్సర్ సంగతిని రోగికి తెలియనీయరాదని, బంధువుల చెవిన పడరాదని చాలా ఇళ్ళలో దాచిపెడతారు. ఆ ప్రేమనూ, ఆ సంకోచాన్నీ మేమెరుగుదుము. కానీ అత్యవసర విభాగంలోని వైద్యునికి దాచితే ఆయన రాయి కోసమే వెదకవచ్చు, విలువైన సమయం వృథా కావచ్చు. రోగి ఎదుట చెప్పలేకపోతే పక్కకు పిలిచి చెప్పండి. పాత ఫైలును, వాడుతున్న మాత్రల చీటీని వెంట తీసుకువెళ్ళండి.

సబర్ పేరిట నొప్పిని దిగమింగుకొని ఇంట్లో కూర్చోవడం తగదు. ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు; దానిని కాపాడుకొనే ప్రయత్నం మన బాధ్యత.