కోర్లు ఎనిమిదే గానీ, వరస దాటేవి ఎన్ని?

చవక ఫోను డబ్బా మీద ‘ఆక్టా కోర్’ అని పెద్ద అక్షరాల్తో ఉంటాది. ఎనిమిది కోర్లు, బేగి పన్చేస్తాది అని అమ్మేస్తారు. ఆ ఎనిమిదీ ఏ రకమో మాత్రం ఎవులూ సెప్పరు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డబ్బు పెట్టేది మనం. లోపల ఏటి జరుగుతుందో మనకి తెలియాల.

కోర్లు రెండు రకాలు. ఒకటి రాసిన వరసలోనే పని చేస్తాది. రెండోది వరస దాటి చేస్తాది.

ఒక లెక్క తీసుకుందాం. వంద మంది రైతులు ధాన్యం అమ్మేరు. ఒక్కొక్కరి బస్తాల అంకె తేవాల, ధరతో గుణించాల, వచ్చిన సొమ్ము రాయాల. ఈ మూడు పనులూ వందసార్లు తిరుగుతాయి. దీన్నే లూప్ అంటారు. గుణించడం కోరుకి చిటికెలో పని. మెమరీ నుంచి అంకె తేవడమే ఆలీసం. ఒక్కోసారి వందకి పైగా గుణకారాలు చేసేంత సేపు పడతాది.

మొదటి రకం కోరులో మొదటి రైతు అంకె రాకపోతే గుణకారం ఆగిపోద్ది. దాని వెనకున్న రెండో రైతు పనీ ఆగిపోద్ది.

మా రామతీర్థం పక్క ఉబాల్లో ఇలా చేస్తే నవ్వుతారు. ఒక మడికి ఆకు కట్టలు రాలేదని అందరూ గట్టు మీద కూకుంటారేటి? కట్టలు అందిన మడిలో దిగిపోతారు. రెండో రకం కోరూ అంతే. రెండో రైతు, మూడో రైతు అంకెలకీ ముందే కబురెట్టేస్తాది. ఏది ముందొస్తే దాన్ని గుణిస్తాది. లూప్ ఇంకో చుట్టు తిరుగుతాదని ఊహించి ముందుకెళ్తాది. ఊహ తప్పితే ఆ పని పారేస్తాది.

ఇక్కడో చిక్కుంది. ప్రతి చుట్టులోనూ అంకె పోసేది ఒకే పేరున్న గిన్నెలో. దాన్ని రిజిస్టర్ అంటారు. మొదటి అంకె వాడకముందే రెండోది పోస్తే లెక్క పాడైపోద్ది. అందుకే కోరు లోపల ఖాళీ గిన్నెలు ఉంచుకుని చుట్టుకొకటి ఇస్తాది. పేరు ఒకటే, గిన్నె వేరు. ఐబీఎం 360/91 కంప్యూటర్ కోసం రాబర్ట్ టొమసులో ఈ దారి వేసి, 1967లో పేపర్ రాసేడు. ఇప్పటి కోర్లలో పని ఏ వరసలో ముగిసినా, ఫలితాలు ఖాతాకెక్కేది రాసిన వరసలోనే. అందుకే లెక్క తప్పదు.

అయితే ఇది అన్ని లూపులకీ సాయం చెయ్యదు. చక్రవడ్డీ సూడండి. ఈ ఏడు మొత్తం తేలకుండా వచ్చే ఏటి వడ్డీ కట్టలేం. అలాంటి గొలుసు లెక్కలో ఎంత గొప్ప కోరైనా కాసుకుని ఉండాల్సిందే.

మరి ఫోన్ల సంగతేటి? ఏ53, ఏ55 కోర్లు వరసలో చేసేవి. ఏ75, ఏ76 వరస దాటేవి. మీడియాటెక్ హీలియో జి35 చిప్పులో ఎనిమిదీ ఏ53లే. జి85లో రెండు ఏ75లు, ఆరు ఏ55లు. రెండింటి మీదా రాసేది ‘ఎనిమిది కోర్లు’ అనే!

వరస కోర్లు చెడ్డవని కాదు. చిన్నవి, బ్యాటరీ తక్కువ తింటాయి. ఫోన్ మాట్లాడ్డానికీ, పాటలకీ చాలు. కానీ ఆన్‌లైన్ పరీక్షకి చదువుకునే గుంటలు, కోడింగ్ నేర్చుకునే గుంటలు అదే ఫోను మీద ఆధారపడ్డారు. ఆళ్లకి ఈ తేడా దాచడం అన్యాయం. కొనేముందు చిప్పు పేరు అడగండి. అందులో ఏ కోర్లు ఎన్నున్నాయో వెతకండి. ఎనిమిదిని సూసి కాదు, ఆ రకాన్ని సూసి డబ్బులు తియ్యండి.