‘థ్రిల్డ్’ ఎవరు? ‘థ్రిల్లింగ్’ ఏది?

మన హాస్టల్ గదుల్లో రోజుకు పదిసార్లయినా వినిపించే ఇంగ్లీషు మాటల్లో ‘థ్రిల్’ ఒకటి. సినిమా థ్రిల్లింగ్, క్రికెట్‌లో చివరి ఓవర్ థ్రిల్లింగ్, పదో తరగతి ఫలితాలు చూసుకోవడం థ్రిల్లింగ్. మాట మనకు కొత్తేమీ కాదు. కానీ ఇంటర్వ్యూలో దాన్ని సొంత వాక్యంలో పెట్టాల్సి వచ్చేసరికి చాలామంది తడబడతారు. ‘ఐ యామ్ థ్రిల్డ్’ అనాల్సిన చోట ‘ఐ యామ్ థ్రిల్లింగ్’ అంటారు. ఎదుటివారి ముఖంలో చిన్న నవ్వు కనిపించగానే ‘తెలుగు మీడియం వాళ్ళం, మన ఇంగ్లీషు ఇంతేలే’ అని కుంగిపోతారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఆ తేడా పట్టుకోవడానికి కావలసిన కీలకం మన తెలుగులోనే ఉంది.

ముందు అర్థం చూద్దాం. ఒక్కసారిగా ఒళ్ళంతా పాకే ఆనందం లేదా ఉద్వేగం, అదే థ్రిల్. తెలుగులో పులకింత, గగుర్పాటు, గుండె ఝల్లుమనడం దీనికి దగ్గరి మాటలు. అలాంటి సమయంలో మూత్రపిండాల మీద ఉండే గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. రోమాల మొదళ్ళలోని చిన్న కండరాలు బిగుసుకుని వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. భయంలోనూ ఇదే జరుగుతుంది కాబట్టే దెయ్యాల సినిమా చూస్తూ ఒకపక్క వణుకుతూనే మరోపక్క ఆనందిస్తాం.

ఈ మాట పుట్టుక తమాషాగా ఉంటుంది. పాత ఇంగ్లీషులో దీని మూలానికి అర్థం ‘పొడిచి తూటు చేయడం’. ముక్కు రంధ్రాన్ని ‘నాస్ట్రిల్’ అంటారు కదా, అందులో చివరి భాగం ఆ పాత మాటే. నాస్ట్రిల్ అంటే ముక్కు తూటు! సుమారు 400 ఏళ్ళ క్రితం నుంచి ఈ మాటను మనసులోకి దూసుకుపోయే అనుభూతికి వాడటం మొదలైంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. పొడిచేది ఒకటి, పొడిపించుకునేది మరొకటి. పొడిచేది ‘థ్రిల్లింగ్’. అది తగిలినవాళ్ళు ‘థ్రిల్డ్’.

ఇదే తేడా తెలుగులో మనం పుట్టినప్పటి నుంచి పాటిస్తున్నాం. ‘నాకు బోర్ కొట్టింది’ అంటాం. విసుగు బయటి నుంచి వచ్చి నాకు తగిలింది కనుక ‘నాకు’. ఇంగ్లీషులో అది ‘ఐ యామ్ బోర్డ్’. ‘ఐ యామ్ బోరింగ్’ అన్నామంటే ‘నేను ఇతరులకు బోర్ కొట్టిస్తాను’ అని అర్థం. కాబట్టి గుర్తు ఇది: తెలుగులో ‘నాకు కలిగింది’ అనే చోట చివర ‘డ్’ శబ్దం, ‘కలిగిస్తుంది’ అనే చోట ‘ఇంగ్’. ఎక్సైటెడ్, ఎక్సైటింగ్ కూడా అంతే. ఇంట్రెస్టెడ్, ఇంట్రెస్టింగ్ కూడా అంతే.

మన చుట్టూ ఉన్న విషయాలతోనే అభ్యాసం చేద్దాం. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలుకెళ్ళిన రైతుకు అనుకోకుండా మంచి ధర పలికింది. ‘ద ఫార్మర్ వజ్ థ్రిల్డ్’. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారి ‘గబ్బిలం’ చదివి ఒళ్ళు పులకరించింది. ‘ఐ వజ్ థ్రిల్డ్ బై గబ్బిలం’. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పుడు 13 ఏళ్ళు. ‘దెయిర్ క్లైంబ్ వజ్ థ్రిల్లింగ్, వియ్ వర్ థ్రిల్డ్’. వాళ్ళ సాహసం థ్రిల్లింగ్, ఆ వార్త విన్న మనం థ్రిల్డ్. రెండు మాటలూ ఒకే వాక్యంలో చక్కగా ఇమిడాయి.

వాడుకలో మరికొన్ని జాగ్రత్తలు. థ్రిల్డ్ అంటేనే ‘ఎంతో సంతోషం’ కనుక దాని ముందు ‘వెరీ’ సాధారణంగా పెట్టరు. గట్టిగా చెప్పాలంటే ‘అబ్సల్యూట్లీ థ్రిల్డ్’ అంటారు. ఫలితాల గురించి ‘థ్రిల్డ్ విత్ మై రిజల్ట్స్’. కలిసినందుకు ‘థ్రిల్డ్ టు మీట్ యూ’. అయితే ఇది పెద్ద మాట. క్యాంటీన్‌లో టీ బాగుంటే ‘హ్యాపీ’ చాలు. ఉద్యోగం వస్తే థ్రిల్డ్. ‘నాట్ థ్రిల్డ్’ అని ఎవరైనా అంటే, వారికి ఆ విషయం నచ్చలేదని మర్యాదగా చెబుతున్నారన్నమాట.

నర్సింగ్ చదివే చెల్లెళ్ళకు ఇంకో అర్థం కూడా అవసరం. రోగి ఛాతీ మీద చేయి పెట్టినప్పుడు గుండె కవాటాల లోపం వల్ల చేతికి తగిలే ప్రకంపనను వైద్యులు ‘థ్రిల్’ అంటారు. డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసిన ఫిస్టులా మీద వేళ్ళు ఆనించినా జివ్వుమని థ్రిల్ తెలుస్తుంది. అక్కడ అది మంచి గుర్తు, రక్తం పారుతోందని అర్థం. కేస్ షీట్‌లో ‘థ్రిల్’ అని ఉంటే రోగి ఆనందంగా ఉన్నాడని అనుకోకూడదు!

మిత్రులారా! పరాయి భాషలో ఒక అక్షరం తడబడటం తెలివితక్కువతనం కాదు. మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్ళే అమ్మానాన్నలు మనకు ‘నాకు’, ‘నేను’ తేడా ఏనాడో నేర్పారు. దాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్ళడమే మనం చేయాల్సిన పని. ఈ రాత్రి స్టడీ అవర్‌లో ఇద్దరిద్దరు కూర్చుని చెరో ఐదు వాక్యాలు పైకి చెప్పుకోండి. తప్పయితే పక్కవాడు నవ్వకుండా సరిచేయాలి. అదొక్కటే షరతు.