హాలీ రూపాయి, కల్దారు రూపాయి, ఒక గ్లాసు నీరు

గత వేసవిలో మా కళాశాల విద్యార్థిని యొకతె ఆరు వెండి రూపాయలను రుమాలులో మూటగట్టుకొని ప్రయోగశాలకు వచ్చినది. అవి వరంగల్లులో పుట్టిపెరిగిన ఆమె అమ్మమ్మ పెట్టెలోనివి. పరీక్ష రుసుముకై అమ్మబోగా, చార్మినారు బొమ్మగల రెండింటిని మా కోస్తా పట్టణపు వెండికొట్టువారు ప్రక్కకు నెట్టి, "తూకము తక్కువ, ఇవి దొంగవి" అన్నారట. జార్జి రాజు తలగల నాలుగింటిని రాతిపై మ్రోగించి, మంచివన్నారు.

తూకము తక్కువన్నమాట నిజమే. బ్రిటిషు ఇండియా రూపాయి, అనగా కల్దారు, 11.66 గ్రాములు, అందు నూటికి 91.7 వంతులు వెండి. హైదరాబాదు రాజ్యపు హాలీ సిక్కా 11.18 గ్రాములే, వెండి 81.8 వంతులు. లెక్కవేసి చూడుడు. కల్దారులో వెండి 10.69 గ్రాములు, హాలీలో 9.14. ఏడు హాలీలలోని వెండి 64.0 గ్రాములు, ఆరు కల్దార్లలోనిది 64.1! ఏడు హాలీలకు ఆరు కల్దార్లు అనునదే ఆనాటి మారకపు రేటు. 1959లో హాలీ చెలామణి ఆగిపోవుటతో ఈ లెక్కయు మరుగున పడినది.

అయినను బరువొక్కటే చాలదు. చేతులు మారి అరిగిన నాణెము బరువు తగ్గును. సాంద్రత మాత్రము తగ్గదు. వెండి సాంద్రత 10.49, రాగి 8.96. ఈ రెంటి మిశ్రమమైన కల్దారుకు సుమారు 10.3, హాలీకి 10.2 రావలెను.

గ్రాములో నూరవ వంతు చూపు త్రాసుపై నీటి గ్లాసును పెట్టి, అంకెను సున్నకు తెండు. సన్నని దారముతో నాణెమును కట్టి, అడుగును గాని అంచును గాని తాకకుండ నీటిలో ముంచుడు. నీరు నాణెమును పైకి నెట్టును. నాణెము అంతే బలముతో నీటిని క్రిందికి నెట్టును. త్రాసు చూపు గ్రాములే నాణెపు ఘనపరిమాణము, ఘన సెంటీమీటర్లలో. గాలిబుడగలు అంటియుండినచో ఫలితము చెడును. మా పిల్లలు తరచు ఇక్కడనే తప్పుదురు.

హాలీ ఒకటి 11.13 గ్రాములు తూగి, నీటిలో 1.09 చూపినది. సాంద్రత 10.2. రెండవదియు అంతే. కల్దార్లలో మూడు సరిగానే తేలినవి. నాలుగవది 11.40 గ్రాములు తూగి 1.36 చూపినది: సాంద్రత 8.4. అది వెండిపూత పూసిన ఇత్తడి! ఇత్తడి కూడ చక్కగా మ్రోగును గనుక చెవి మోసపోయినది.

ఒక హెచ్చరిక. 1940లో కల్దారులోని వెండిని సగమునకు తగ్గించి రాగి, నికెలు, జింకు కలిపిరి. దాని సాంద్రత 9.5 మాత్రమే. సంవత్సరము చూడక దానిని దొంగదనరాదు. 1947 నాటి రూపాయి నికెలుది, అయస్కాంతమునకు అంటుకొనును. ఇక సీసము (11.3), తగరము (7.3) తగుపాళ్లలో కలిపి వెండి సాంద్రతనే తేవచ్చును, అయితే ఆ మిశ్రమము మెత్తనిది, మ్రోగదు. కనుక నీటితోపాటు చెవియు ఉండవలసినదే. అచ్చమైన వెండితో పోసిన నకిలీని మాత్రము ఈ రెండును పట్టజాలవు. అచ్చు తీరును భూతద్దముతో చూడవలెను.

ఆమె మంచి కల్దార్లు మూడింటిని అమ్మి రుసుము కట్టినది. హాలీలను దాచుకొన్నది. ఇత్తడి రూపాయిని మాకు విడిచినది. ఈ యేడు మా ప్రయోగములకు అది మొదటి నమూనా.