విరిగిన బొమ్మ, పగిలిన జాడీ



విరిగిన మనసూ, పగిలిన కుండా అతకవని పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. మనసుల సంగతి నేను చెప్పలేను గాని, కుండల విషయంలో ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఓపిక ఉంటే చాలావాటిని ఇంట్లోనే అతికించుకోవచ్చు. అయితే అతికిన ప్రతి వస్తువునూ మళ్ళీ వాడుకోవచ్చునా అంటే, అది వేరే ప్రశ్న. ఈ రెండూ మనకు తెలిసి ఉండాలి.

ఏ ఇంట్లో చూసినా ఇటువంటివి రెండో మూడో ఉంటాయి. బొమ్మల కొలువు పెట్టెలో చెయ్యి విరిగిన కృష్ణుడు, అమ్మగారింటి నుంచి తెచ్చుకున్న ఊరగాయ జాడీకి అంచు పెచ్చు, పెళ్ళికి వచ్చిన టీ సెట్టులో చెవి ఊడిన కప్పు. పారేయటానికి చేతులు రావు, బాగుచేయటం తెలియదు. అటక మీద పెడతాం. ఇల్లు మారేటప్పుడు మిగిలిన ముక్కలు కూడా పోతాయి.

మొట్టమొదట ఒక మాట. వస్తువు చెయ్యి జారి పడిందనుకోండి, వెంటనే కేకలు వేయకండి. ఇదేమిటి, జిగురు సంగతి చెబుతానని కోపం సంగతి చెబుతోంది అనుకుంటున్నారా? కారణం ఉంది. తిడతారని భయపడిన పిల్లవాడు ముక్కల్ని మంచం కిందికి తోసేస్తాడు. జీతంలో కోస్తారని భయపడిన పనిమనిషి చెత్తబుట్టలో వేసి పైన కాగితాలు కప్పేస్తుంది. పెద్ద ముక్కలు దొరికినా చిన్నవి దొరకవు. పది ముక్కలున్న వస్తువును అతికించటం కష్టం కాదు, పదింటిలో రెండు లేకపోతేనే కష్టం. కాబట్టి ముందు "ఎవరికీ గుచ్చుకోలేదు కదా?" అని అడగండి. తరవాత అందరూ కలిసి ముక్కలు వెతకండి.

చిన్న ముక్కల విలువ ఎంతో చెప్పటానికి ఒక ఉదాహరణ. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పోర్ట్‌లాండ్ వాజ్ అనే రోమన్ కాలపు గాజు పాత్ర ఉంది. వయసు సుమారు రెండువేల ఏళ్ళు. 1845లో ఒకతను దాన్ని పగలగొట్టాడు. అదే ఏడు అతికించారు గాని, 37 చిన్న ముక్కలు ఎక్కడివో తెలియక మిగిలిపోయాయి. 1948-49లో విడదీసి మళ్ళీ అతికించారు. ఆ జిగురూ పాతబడటంతో 1988-89లో మూడోసారి చేశారు. మూడుసార్లు చేయగలిగారంటే ముక్కల్ని జాగ్రత్త చేయబట్టే. పాత జిగురును ఊడదీయటం వీలవబట్టే. ఈ రెండు సంగతులూ మన ఇంటి వస్తువుకూ వర్తిస్తాయి.

ముక్కల్ని చేత్తో కాకుండా మందపాటి కాగితంతో ఎత్తి, చెప్పుల డబ్బాలాంటి అట్టపెట్టెలో పెట్టండి. పొడిలా రాలినదాన్ని కూడా పొట్లం కట్టి అందులోనే ఉంచండి. సరిపోతాయో లేదో అని అంచుకు అంచు పెట్టి పదేపదే రుద్ది చూడవద్దు. అంచులు అరిగితే తరవాత సరిగ్గా కూర్చోవు.

ఇప్పుడు ఆ వస్తువు దేనితో చేసిందో తెలుసుకోవాలి. విరిగిన చోట ఒక్క నీటిబొట్టు వేసి చూడండి. వెంటనే పీల్చుకుంటే అది కాల్చిన మట్టో, ప్లాస్టర్ ఆఫ్ పారిసో అయి ఉంటుంది. తెల్లగా ఉండి గోటితో గీస్తే సుద్దలా రాలితే ప్లాస్టర్. బొట్టు బొట్టుగానే నిలిచి, అంచు నున్నగా, గట్టిగా ఉంటే పింగాణీ. ఈ పరీక్ష ఎందుకంటే, దేన్ని కడగాలో, ఏ జిగురు వాడాలో దీన్నిబట్టే తేలుతుంది.

పింగాణీ ముక్కల్ని సబ్బునీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో జాడించి, ఒక రోజంతా ఆరబెట్టండి. జాడీ ముక్కలైతే ఒక్కసారి కడిగితే చాలదు. ఏళ్ళ తరబడి పీల్చుకున్న నూనె పగుళ్ళలో ఉంటుంది. నూనె ఉన్నచోట ఏ జిగురూ పట్టదు. జిడ్డు పోయేదాకా రెండు మూడుసార్లు కడగాలి. మట్టి బొమ్మల్నీ, ప్లాస్టర్ బొమ్మల్నీ మాత్రం నీళ్ళలో వేయనే వద్దు. మెత్తటి కుంచెతో దులిపితే చాలు. కడిగితే రంగు పోతుంది, ప్లాస్టర్ మెత్తబడుతుంది.

జిగురు సీసా మూత తీయకముందే ఒకసారి ఉత్తినే పేర్చి చూసుకోవాలి. ముక్కల్ని సెల్లోఫేన్ టేపుతో తాత్కాలికంగా నిలబెట్టి, లోపలివైపు పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకోండి. ఈ పని చేయనివాళ్ళకు ఏమవుతుందంటే, అన్నీ అతికించాక ఆఖరి ముక్క తన చోట్లో దూరదు. చుట్టూ ఉన్న ముక్కలు దారి మూసేస్తాయి. ఏది ముందో, ఏది వెనకో తేల్చుకున్నాకే జిగురు సంగతి.

బజారులో జిగుర్లు చాలా ఉన్నాయి. మన పనికి మూడు రకాలు తెలిస్తే చాలు. మొదటిది ఫెవికాల్ వంటి తెల్ల జిగురు. నీటిని పీల్చుకునే మట్టికి, ప్లాస్టర్‌కి, కర్రకు ఇది మంచిది. పూర్తిగా ఆరటానికి ఒక రోజు పడుతుంది. తడి తగిలితే మెత్తబడుతుంది. అది లోపమూ, సుగుణమూ కూడా. వంకరగా అతికితే తడిగుడ్డ కప్పి, మెల్లగా విడదీసి మళ్ళీ చేసుకోవచ్చు. రెండోది అరాల్డైట్ వంటి ఎపాక్సీ. రెండు ట్యూబుల్లో వస్తుంది. పెట్టె మీద రాసిన పాళ్ళలో రెండింటినీ పాత ప్లాస్టిక్ మూతలో బాగా కలపాలి. పాళ్ళు తప్పితే ఎన్నాళ్ళయినా జిగటగానే ఉంటుంది. పింగాణీకి ఇది గట్టిది. ఒకసారి బిగిస్తే ఊడదీయటం మాత్రం కష్టం. మూడోది ఫెవిక్విక్ వంటి క్షణాల్లో పట్టే జిగురు. చిటికెనవేలంత ముక్కలకు బాగుంటుంది గాని, సర్దుకునేందుకు వ్యవధి ఇవ్వదు. వేళ్ళు అంటుకుపోతే బలంగా లాగకండి. గోరువెచ్చటి సబ్బునీళ్ళలో నానబెడితే మెల్లగా వదులుతుంది. కంట్లో పడితే మాత్రం ఆలస్యం చేయక డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఎపాక్సీ కలిపేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, కిటికీ తెరిచి పెట్టండి. కొందరికి ఆ జిగురు తగిలితే చర్మం మీద దద్దుర్లు వస్తాయి.

జిగురు ఎంత ఎక్కువ రాస్తే అంత గట్టి అనుకోవటం పొరపాటు. మందంగా రాస్తే ముక్కకూ ముక్కకూ మధ్య సందు పెరుగుతుంది. రెండో ముక్క కొంచెం, మూడోది ఇంకొంచెం తప్పి, ఆఖరిది కూర్చోనే కూర్చోదు. అగ్గిపుల్లతో అంచు మధ్యన పల్చగా ఒక గీతలా రాసి, రెండు ముక్కల్నీ గట్టిగా ఒత్తి పట్టండి. పైకి వచ్చినదాన్ని ఆరకముందే గుడ్డతో తుడిచేయండి.

అతికిన ముక్కను ఆరేదాకా చేత్తో పట్టుకుని కూర్చోలేం కదా! ఒక బేసినులో పొడి ఇసుక పోసి, పెద్ద ముక్కను అందులో గుచ్చి నిలబెట్టండి. చిన్న ముక్క బరువు సరిగ్గా అతుకు మీదనే తిన్నగా ఆనేటట్టు వంపు సరిచూడండి. పక్కకు వాలితే అతుకు జారిపోతుంది. ఇసుక లేకపోతే బియ్యమైనా సరే, కాని ఆ బియ్యాన్ని మళ్ళీ వంటకు వాడకూడదు సుమా! ఇరవైనాలుగు గంటలు కదపకండి. ఇంట్లోవాళ్ళందరికీ ఆ మాట చెప్పి ఉంచండి.

ఇక బొమ్మల సంగతి. ప్లాస్టర్ బొమ్మకు చెయ్యో, మెడో విరిగితే ఉత్త జిగురు చాలదు. రెండువైపులా సన్నటి రంధ్రం చేసి, లోపల ఇత్తడి తీగ ముక్క దూర్చి అతికించాలి. ఇనప తీగ వాడితే కొన్నాళ్ళకు తుప్పు పట్టి పైకి మరక తేలుతుంది. చిన్న బొమ్మకైతే వెదురు పుల్ల సరిపోతుంది. పెచ్చు పోయినచోట ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కొద్దిగా కలిపి నింపవచ్చు. నీళ్ళలో ప్లాస్టర్ చల్లాలి గాని, ప్లాస్టర్‌లో నీళ్ళు పోయకూడదు, ఉండలు కడుతుంది. నిమిషాల్లో గట్టిపడుతుంది కాబట్టి ఒక చెంచాడు మించి కలుపుకోవద్దు. మిగిలింది సింకులో పోశారా, గొట్టం లోపలే బిగుసుకుంటుంది. మట్టిబొమ్మ పెచ్చుకు అయితే అదే రంగు మట్టిని జల్లించి, తెల్ల జిగురుతో ముద్ద చేసి పెట్టండి. ఆరాక సన్న గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, పైన రంగు వేసుకోవచ్చు. రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

మన కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేసినవి. చేసేవాళ్ళే చేతుల్నీ, తలల్నీ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. కాబట్టి అవి అతుకు దగ్గర ఊడటం సహజమే. తెల్ల జిగురులో కాస్త రంపపు పొట్టు కలిపి పెడితే మళ్ళీ పట్టుకుంటుంది. తడిగుడ్డతో మాత్రం తుడవవద్దు. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్ర మీద లక్క రంగులు పట్టించినవి. లక్క స్పిరిట్‌కు కరుగుతుంది, వేడికి మెత్తబడుతుంది. అంటిన జిగురు పోతుందని వాటికి స్పిరిటో, గోళ్ళరంగు తీసే ద్రావకమో రాస్తే జిగురుతోపాటు బొమ్మ రంగూ వచ్చేస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. అతికించిన జాడీలో మళ్ళీ ఆవకాయ పెట్టవద్దు. చెవి అతికించిన కప్పులో టీ తాగవద్దు. మీ పని బాగాలేదని కాదు. ఊరగాయలో ఉప్పు, పులుపు, నూనె మూడూ ఉన్నాయి. అవి నెలల తరబడి జిగురును తింటాయి, జిగురు ఊరగాయలోకి దిగుతుంది. మనం వాడే జిగుర్లు తిండి తగలటానికి చేసినవి కావు. పైగా కంటికి కనపడని పగుళ్ళలో తడి చేరితే బూజూ, క్రిములూ కాపురం పెడతాయి. కప్పు సంగతి ఇంకా ప్రమాదం. మామూలు ఎపాక్సీ సుమారు 60, 70 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. అప్పుడే పోసిన టీ అంతకన్నా వేడిగా ఉంటుంది. పది రోజులు నిలిచిన చెవి పదకొండోనాడు కప్పును వదిలేస్తుంది. ఆ సమయానికి ఒళ్ళో చంటిపిల్ల ఉంటే? ఒక కప్పు కోసం అంత భయం మనకు అవసరమా? అతికిన వాటిని మైక్రోవేవ్‌లోనూ పెట్టకూడదు.

పగలకుండానే బీటవారిన జాడీని ఎట్లా కనిపెట్టాలి? కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అట్లాగే. బాగున్నది ఖంగుమంటుంది. బీట ఉన్నది మందంగా, బొంగురుగా పలుకుతుంది. ఏటేటా ఆవకాయ పెట్టేముందు ఒకసారి ఇట్లా పలికించి చూసుకోవటం మంచిది.

మరి అతికించిన జాడీని ఏం చేసుకోవాలి? కుట్టుసామాను వేసుకోండి. వరండాలో గొడుగులు పెట్టండి. లోపల ఒక ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు పోసి పూలకొమ్మలు ఉంచండి. అమ్మ వాడిన జాడీ రోజూ కళ్ళముందు ఉంటే చాలు కదా.

వెనకటి రోజుల్లో గుడ్డు తెల్లసొనలో సున్నం నూరి పింగాణీ అతికించేవారు. అది ఎంతో కొంత పట్టేది గాని, నానితే నిలిచేది కాదు. జపాన్‌లో కింత్సుగి అనే పద్ధతి ఉంది. ఉరుషి అనే చెట్టు పాలతో అతికి, ఆ గీత మీద బంగారు పొడి అద్దుతారు. అతుకును దాచరు, అందంగా చూపిస్తారు. ఆ పేరుతో చవకగా అమ్మే పెట్టెల్లో తరచు ఎపాక్సీ, బంగారు రంగు పొడి మాత్రమే ఉంటాయి. అలంకారానికి బాగానే ఉంటుంది, అన్నం తినటానికి పనికిరాదు.

పూజలో ఉన్న విగ్రహం భిన్నమైతే దాన్ని పూజకు వాడకపోవటం చాలా ఇళ్ళలో ఆచారం. అక్కడ మీ ఇంటి పద్ధతే ప్రమాణం. పూజనుంచి తీసినదాన్ని బాగుచేసి గుర్తుగా దాచుకునేవారూ ఉన్నారు. ఇక తాతల నాటి ఖరీదైన పింగాణీ, పాత రాతి విగ్రహాలు ఉంటే మాత్రం మీరు జిగురు ముట్టుకోవద్దు. ముక్కల్ని విడివిడిగా దూదిలో చుట్టి ఉంచి, తెలిసినవాళ్ళకు చూపించండి. తొందరపడి పూసిన జిగురును తీయటమే వాళ్ళకు సగం పని అవుతుంది.

ఒక బిస్కెట్ల డబ్బాలో తెల్ల జిగురు, ఎపాక్సీ ట్యూబులు, టేపు, గరుకు కాగితం, అగ్గిపుల్లలు, పాత కుంచె, చేతి తొడుగులు వేసి పిల్లలకు అందకుండా పెట్టుకోండి. మొదట అపురూపమైన బొమ్మ జోలికి పోకుండా, ఎటూ పనికిరాని పగిలిన సాసరు మీద చెయ్యి తిప్పుకోండి. రెండు సాసర్లయ్యేసరికి జిగురు ఎంత రాయాలో చేతికే తెలుస్తుంది. ఆ తరవాత అటక మీది పెట్టె దింపండి. వచ్చే సంక్రాంతికో, దసరాకో ఆ కృష్ణుడు మళ్ళీ కొలువులో నిలబడతాడు.