ట్యాంకు - లేకు: అర్థభేద విచారణము

సిద్దిపేటలోని కోమటిచెరువు కట్టను నేడు జనులు 'మినీ ట్యాంక్ బండ్' అనుచున్నారు. ఆ చెరువునే ఆంగ్లమున పేర్కొనువారు పలుమారు 'లేక్' అనుచుందురు. ఒకే జలాశయమునకు రెండు పదములు వచ్చినవి. ఇవి నిజముగా పర్యాయపదములా యని మే మిచ్చట విచారింపబూనితిమి.

'లేక్' లాటిన్ మూలము గలది. పల్లపు నేలలో సహజముగా నిలిచిన విశాలజలరాశి యని దాని ప్రధానార్థము. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న కొల్లేరునకు ఈ పదము తగియున్నది. 'ట్యాంక్' చరిత్ర వేఱు. గుజరాతీ, మరాఠీ భాషలలో నీటినిలువకు గల పదములును, పోర్చుగీసు 'తాంకె'యు కలిసి దాని పుట్టుకకు కారణములైనవని నిఘంటుకారుల యభిప్రాయము. ఆంగ్లేయులు దీనిని మనదేశమున చెరువునకును, స్వదేశమున తొట్టికిని వాడిరి. మొదటి ప్రపంచయుద్ధమున రహస్యరక్షణకై పెట్టిన మాఱుపేరుగా నిది యుద్ధశకటమునకును సంక్రమించినది. నేడు తెలుగువాడు 'ట్యాంకు నిండినది' అన్నచో మేడమీది తొట్టియే స్ఫురించును. చెరువను పాత యర్థము 'ట్యాంక్ బండ్' వంటి సమాసములలో నిలిచియున్నది.

సమాసములే ఈ భేదమునకు గీటురాయి. ట్యాంకుతో కట్ట, తూము, ఆయకట్టు అను భావములు పొసగును. లేకుతో 'లేక్ వ్యూ' వంటి మాటలు పొసగును. మొదటిది పొలము వైపునకు, రెండవది చూపరి వైపునకు మొగ్గును. హుస్సేన్ సాగరమున కట్టకు 'ట్యాంక్' అనియు, నీటికి 'లేక్' అనియు వాడుక గలదు. కాకతీయుల కాలపు పాఖాల, రామప్ప చెరువులకును ఆంగ్లమున 'లేక్' అను పేరే వ్యాపించినది.

మానవనిర్మిత జలాశయమును లేకనుట ఆంగ్లమున దోషము కాదు. కాని ఆ పదమున కట్టినవారి శ్రమ కనబడదు. మత్తడి, తూము, శిఖము అను మాటలకు తావుండదు. మాట మఱుగైనచో మత్తడిదారి నీటిదని చెప్పుటయు కష్టమగును. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పూడిక తీయబూనినది ఇట్టి సేద్యపు చెరువులనే.

కావున అనువాదకులు కొల్లేరు వంటివానికి 'లేక్' అనియు, సేద్యపు చెరువునకు 'ట్యాంక్' అనియు వ్రాయుట యుక్తము. విదేశీయ పాఠకునకు తొట్టి యను భ్రమ కలుగునెడల 'చెరువు' అను మాటనే నిలిపి, తొలిసారి వివరించుట మేలని మా తలంపు.