ఒకే యింట రెండు కాపురములు

నేడు అనేక గృహములలో కంప్యూటరు నిత్యావసర వస్తువైనది. పిల్లల పాఠములు, పెద్దల లెక్కలు, పెండ్లి ఛాయాచిత్రములు అన్నియు దానియందే దాచుకొనుచున్నాము. కొందరు ఒకే యంత్రములో విండోస్, లినక్స్ అను రెండు వ్యవస్థలను నిలుపుకొని, యంత్రమును తెరచునపుడు కావలసినదానిని ఎంచుకొందురు. ఇట్టివారికి త్వరలోనే ఒక సందేహము కలుగును. లినక్స్ నుండి చూచినపుడు విండోస్‌లో దాచిన ఫైళ్లు కనబడును. విండోస్ నుండి చూచినపుడు లినక్స్‌లో దాచినవి కనబడవు. అవి ఏమైనట్లు?

అవి ఎక్కడికిని పోలేదు. డిస్కు అనునది అంకెలతో నిండిన గళ్ల వరుస మాత్రమే. ఏ ఫైలు ఏ గళ్లలో ఉన్నదో, దాని పేరేమో, ఎన్నడు వ్రాయబడినదో తెలుపు పట్టీ వేరుగా ఉండును. ఆ పట్టీని వ్రాయు పద్ధతినే ఫైల్ సిస్టమ్ అందురు. డిస్కును భాగములుగా పంచినపుడు ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క పట్టీ ఏర్పడును. మన గ్రామ లెక్కలను తలచుకొనుడు. ఆంధ్ర ప్రాంతమున అడంగలు అనుదానినే తెలంగాణమున పహాణీ అందురు. నిజాము కాలమున అచటి ప్రభుత్వపు లెక్కలు ఉర్దూలో నుండెడివి. ఉర్దూ రానివాడు ఆ పుస్తకమును తెరచినచో, పొలము కన్నుల యెదుటనే యున్నను, అది ఎవరిదో చెప్పజాలడు.

విండోస్ వాడు పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్. ఇది 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చినది. లినక్స్‌లో విరివిగా వాడుకలోనున్నది ఈఎక్స్‌టీ-4. ఇది 2008లో స్థిరపడినది. లినక్స్‌వారు శ్రమించి ఎదుటివారి లిపిని నేర్చుకొనిరి. 2021లో వెలువడిన 5.15 కెర్నెల్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుటకును, వ్రాయుటకును క్రొత్త సాధనమును చేర్చిరి. విండోస్ మాత్రము ఈఎక్స్‌టీ-4ను తనంతట తాను చదువజాలదు. విండోస్‌లో లినక్స్ ఉపవ్యవస్థను నెలకొల్పి, వేరొక డిస్కులోని భాగమును తెరచు మార్గమొకటి కలదు. విండోస్ తాను నడచుచున్న డిస్కునకు అది పనికిరాదు.

ఇందు రెండు ప్రమాదములు గలవు. విండోస్ కొన్ని సమయములలో, ముఖ్యముగా బయటి డిస్కును తగిలించినపుడు, తనకు తెలియని భాగమును చూచి "దీనిని ఫార్మాట్ చేయవలెను" అని అడుగును. తనకు చదువరాని పుస్తకమును ఖాళీ పుస్తకమనుకొనుట వంటిది ఇది. అవునన్నచో పాత పట్టీ చెరిగి క్రొత్త పట్టీ వచ్చును. సంవత్సరముల ఛాయాచిత్రములు చేజారిపోవచ్చును. కావున "రద్దు" అను మీటనే నొక్కవలెను.

రెండవది అంతకంటె సూక్ష్మమైనది. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి "ఫాస్ట్ స్టార్టప్" అను ఏర్పాటు కలదు. ఇది అమలులో నున్నపుడు యంత్రమును ఆపినను విండోస్ పూర్తిగా మూతపడదు. తన స్థితిని డిస్కుపై వ్రాసి నిద్రించును. పట్టీ సగము తెరచినట్లే యుండును. అపుడు లినక్స్ ఆ భాగమును తెరువ నిరాకరించును, లేదా చదువుటకు మాత్రమే అనుమతించును. ఇది లోపము కాదు, రక్షణ. బలవంతముగా వ్రాసినచో రెండు లెక్కలు కలగలసి పట్టీ చెడును. విద్యుత్తునకు సంబంధించిన అమరికలలో ఈ ఏర్పాటును తొలగించుటయే మేలు. "రీస్టార్ట్" ఎంచుకొన్నను విండోస్ పూర్తిగా మూతపడును.

ఉభయులకు కావలసిన వస్తువులకై ఒక ఉమ్మడి భాగమును కేటాయించుట ఉత్తమము. ఫ్యాట్-32 ఉభయులకు తెలిసినదే యైనను, అందు ఒక్కొక్క ఫైలు 4 జీబీకి లోబడి యుండవలెను. పెద్ద పెండ్లి చలనచిత్రము అందు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌నకు ఆ చిక్కు లేదు. దాని వివరములను మైక్రోసాఫ్ట్ సంస్థ 2019లో ప్రకటించినందున లినక్స్‌లోను అది చక్కగా పనిచేయుచున్నది. అయితే వ్రాయుచుండగా కరెంటు పోయినచో తనను తాను సరిదిద్దుకొను దినచర్య పుస్తకము దానికి లేదు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు కలదు. కరెంటు నిలకడ లేని యింట ఉమ్మడి భాగమునకు ఎన్‌టీఎఫ్‌ఎస్‌యే మేలనవచ్చును. బిట్‌లాకర్ తాళము వేసిన భాగమునకు మాత్రము తాళపు సంకేతము లేనిదే లినక్స్‌లో ప్రవేశము లేదు.

కనబడని దానిని లేనిదని తలపరాదు. తెలియని ప్రశ్నకు అవునని బదులీయరాదు. ఇంకొక మాట. రెండు కాపురములును ఒకే కప్పు క్రింద నున్నవి. డిస్కు చెడినచో రెండును పోవును. కావున విలువైన వాటికి వేరొక డిస్కుపై ఒక ప్రతి యుంచుకొనుట గృహస్థులకు శ్రేయస్కరము.