దుఃఖం తరువాత వేసే అడుగు

కథలో ఆత్మీయులు మరణించినంత మాత్రాన పాత్ర ఎదగదు. ఆ తరువాత ఆ పాత్ర ఏం చేసిందన్నదే ముఖ్యం. సత్యజిత్ రాయ్ బెంగాలీ చిత్రాల్లోని అపును గమనించండి.

‘పథేర్ పాంచాలి’ (1955)లో అక్క దుర్గ చనిపోయాక, ఆమె దొంగిలించి దాచిన హారం అపుకు దొరుకుతుంది. ఎవరికీ చెప్పకుండా దాన్ని చెరువులో విసిరేస్తాడు. అక్క పరువు కాపాడే బాధ్యతను ఆ పసివాడే తీసుకున్నాడు.

‘అపుర్ సంసార్’ (1959)లో భార్య అపర్ణ ప్రసవంలో మరణిస్తుంది. అందుకు కొడుకు కాజల్‌నే కారణంగా భావించి, అపు ఏళ్ల తరబడి వాడి ముఖం చూడడు. దుఃఖం మనిషిని వెనక్కి కూడా నెడుతుందన్నమాట. చివరకు వచ్చినా కొడుకు దగ్గరకు రానివ్వడు. తండ్రినన్న హక్కు చూపక, స్నేహితుడినన్నాకే వెంట వస్తాడు. ఆ హక్కును పక్కన పెట్టడమే అపు ఎదుగుదల.